నెలసరి ఖర్చు తగ్గించుకోవడం ఎలా? నోట్‌బుక్ లెక్క నుంచి ప్యాడ్ల డబ్బా దాకా

ప్యాకెట్‌లో చివరి ప్యాడ్ మిగిలినప్పుడు చాలామంది చేసేది ఒకటే: ఒంటి మీదున్నదాన్ని ఇంకో రెండు గంటలు లాగించడం. హాస్టల్ రోజుల్లో నేనూ లాగించాను. పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా, పైన టిష్యూ మడిచి పెట్టి. తొడలు ఒరుసుకుపోయి నడవలేక క్లాసు ఎగ్గొట్టిన రోజులున్నాయి. నెల మొత్తం మీద చూస్తే డబ్బు ఉన్నట్టే, ఆ రోజు చేతిలో మాత్రం లేదు.

ఈ ఇబ్బందినే ఇప్పుడు పీరియడ్ పావర్టీ అంటున్నారు. మనం నెలసరి పేదరికం అనుకుందాం. ప్యాడ్ కొనలేకపోవడం ఇందులో ఒక భాగమే. మార్చుకోవడానికి గడియపడే టాయిలెట్, కడుక్కోవడానికి నీళ్లు, వాడినది పారేసే చోటు, తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే మనిషి, ఇవన్నీ దీంట్లోకే వస్తాయి. యునిసెఫ్ లెక్కలో ప్రతి నెలా దాదాపు 180 కోట్ల మందికి నెలసరి వస్తుంది. వాళ్లలో కనీసం 50 కోట్ల మందికి దాన్ని సరిగ్గా చూసుకునే వస్తువులో సదుపాయాలో లేవని ప్రపంచ బ్యాంకు చెబుతోంది.

ఇందులో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఒకటుంది. చేతిలో తక్కువ డబ్బున్నవాళ్లు చిన్న ప్యాకెట్ కొంటారు. చిన్న ప్యాకెట్‌లో ఒక్కో ప్యాడ్ ఖరీదు ఎక్కువ పడుతుంది. అంటే లేనివాళ్లే ఎక్కువ కడుతున్నారు. పైగా ఈ ఖర్చు నెలనెలా కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి ఎవరి కంటికీ పెద్దగా ఆనదు. అందుకే ముందు లెక్క రాద్దాం, కొనడం సంగతి తర్వాత.

మొదటి మెట్టు: మూడు నెలలు రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ చాలు. యాప్ ఉన్నా పర్వాలేదు గానీ, చాలా యాప్‌లు తేదీ అడుగుతాయి, ఎన్ని వాడారో అడగవు. నాలుగు గడులు గీయండి: తేదీ, ఏం వాడారు, ఎన్ని గంటలకు మార్చారు, ఎందుకు మార్చారు.

ఆ చివరి గడే అసలైనది. నిండిపోయి మార్చారా, టైమ్ అయిపోయిందని మార్చారా, భయానికి మార్చారా? మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. వేరే స్రావాలు కలుస్తాయి కాబట్టి చూడ్డానికి ఎక్కువ అనిపిస్తుంది. అందులో చాలా భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే పోతుంది. నాలుగో రోజు కూడా పెద్ద సైజు నైట్ ప్యాడ్ పెట్టుకుంటే అనవసరంగా ఎక్కువ డబ్బు పెడుతున్నట్టే.

ఇప్పుడు లెక్క. ప్యాడ్‌ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. సగటున రోజుకి 4, అయిదు రోజులకి 20. చక్రం 28 రోజులైతే ఏడాదికి 13 సార్లు, అంటే 260 ప్యాడ్లు. మీ ప్యాకెట్ ధరను అందులోని ప్యాడ్ల సంఖ్యతో భాగించి 260తో గుణించండి. మొత్తం చూసి కాసేపు అలా కూర్చోండి, ఫర్వాలేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటే ఆ అంకెను అంతమందితో గుణించండి. ఇంటి ఖర్చులు రాసే పుస్తకంలో సబ్బుకీ పేస్టుకీ ఉన్నట్టే దీనికీ ఒక వరుస ఇవ్వండి. పేరు లేని ఖర్చుకి డబ్బు ఎవరూ పక్కన పెట్టరు.

రెండో మెట్టు: లెక్క మరీ ఎక్కువగా ఉంటే ముందు డాక్టర్

కొందరికి రోజుకి పది ప్యాడ్లైనా చాలవు. అలాంటప్పుడు చవక ప్యాడ్ కోసం వెతకడం దండగ. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా కొన్ని గంటలు నిండిపోతున్నా, ఏడు రోజులు దాటినా, పెద్ద పెద్ద రక్తపు గడ్డలు పడుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా చూపించుకోవాలి. 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం కింద లెక్క. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కండ గడ్డలు), థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపం లాంటి కారణాలుండొచ్చు. చాలావాటికి మందులున్నాయి. నెలల తరబడి ఇలా పోతే ఒంట్లో ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది. "మా ఇంట్లో అందరికీ ఇంతే" అని సరిపెట్టుకోవద్దు. ఇంట్లో అందరికీ ఒకే జబ్బు ఉండొచ్చు కదా. నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మాటల్లో చెప్పడం కన్నా రాసింది చూపిస్తే డాక్టర్ పని తేలికవుతుంది.

మూడో మెట్టు: మీ పరిస్థితికి ఏది నప్పుతుందో చూడండి

ఏది మంచిదని అడిగితే జవాబు చెప్పలేం. మూడు ప్రశ్నలు వేసుకోండి. రోజూ నమ్మకంగా నీళ్లు దొరుకుతాయా? కడిగింది నలుగురి కంట పడకుండా, లేదా పడినా గొడవ లేకుండా, ఆరేసుకునే చోటుందా? ఒకేసారి కొంత డబ్బు పెట్టగలరా?

మూడింటికీ కాదు అయితే, వాడి పారేసే ప్యాడే దారి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పర్యావరణం పేరు చెప్పి నీళ్లు లేని మనిషికి బట్ట ప్యాడ్లు అంటగట్టడం నాకు నచ్చదు. అలా అయితే పెద్ద ప్యాకెట్ కొనడం, ఎక్కువ పోయే రోజులకి ఒక సైజు, తక్కువ రోజులకి పల్చటిది ఉంచుకోవడం, సువాసన ఉన్నవి మానేయడం, ఈ మూడూ చేయండి. ఆ సువాసన వల్ల ఉపయోగం లేదు, కొందరికి దురద మాత్రం వస్తుంది. పెద్ద ప్యాకెట్‌కి డబ్బు చాలకపోతే నలుగురు స్నేహితులు కలిసి కొని పంచుకోండి. ప్యాడ్లు ఏళ్ల తరబడి పాడవ్వవు, తడి తగలకుండా ఉంటే చాలు.

నీళ్లుండి, ఆరేసే చోటూ ఉంటే బట్ట ప్యాడ్లు. జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు, కొన్ని ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. పీరియడ్ ప్యాంటీలు కూడా ఇదే కోవ, వాటికి పెట్టాల్సిన డబ్బు ఎక్కువ. కొన్ని బ్రాండ్లలో పీఫాస్ అనే హానికర రసాయనాలు బయటపడ్డాయి కాబట్టి అవి లేవని రాసినవి చూసి కొనండి.

ఒకేసారి డబ్బు పెట్టగలిగి, లోపల పెట్టుకోవడానికి ఇబ్బంది లేకపోతే మెన్‌స్ట్రువల్ కప్పు, అంటే యోనిలో పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే మెత్తటి చిన్న గిన్నె. సరిగ్గా చూసుకుంటే పదేళ్ల దాకా వస్తుంది. ఎన్నాళ్లకి డబ్బు తిరిగొస్తుందో తేలిగ్గా లెక్కేయొచ్చు. కప్పు ధరని మీ నెల ప్యాడ్ల ఖర్చుతో భాగించండి. వచ్చిన అంకె ఆరైతే ఆరు నెలలు, ఆ తర్వాతదంతా మిగులే.

టాంపాన్లు, అంటే రక్తాన్ని పీల్చడానికి లోపల పెట్టుకునే దూది చుట్టలు, ఖర్చులో ప్యాడ్లలాంటివే. ఎనిమిది గంటలు దాటి ఉంచకూడదు. 1980లో అమెరికాలో బాగా ఎక్కువ పీల్చే టాంపాన్లు వాడినవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బ్యాక్టీరియా విషం ఒళ్లంతా పాకే జబ్బు) కేసులు ఒక్కసారిగా పెరిగాయి. అప్పటి నుంచే ఈ హెచ్చరిక. అరుదైన జబ్బే, కానీ ప్రాణాంతకం. డబ్బు ఆదా చేద్దామని టాంపాన్‌ని లాగించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఒకటే ఎంచుకోవాలని రూలేం లేదు. నేను మొదటి రెండు రోజులు కప్పు, తర్వాత బట్ట, ప్రయాణాల్లో మామూలు ప్యాడ్ వాడతాను.

నాలుగో మెట్టు: బట్ట ప్యాడ్ కుట్టడం, ఉతకడం

పాత కాటన్ టీ షర్టు, పాత తువ్వాలు ఉంటే చాలు. రెండింటినీ ముందే ఒకసారి ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది. టీ షర్టు నుంచి రెండు ముక్కలు కత్తిరించండి. పొడవు 25 సెంటీమీటర్లు, మధ్యలో వెడల్పు 7. మధ్యలో అటూ ఇటూ రెక్కల్లా పొడిగించాలి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా 18 నుంచి 20 సెంటీమీటర్లు రావాలి. కుట్టుకి చుట్టూ ఒక సెంటీమీటరు అదనంగా వదలడం మర్చిపోవద్దు. రెండు ముక్కల్నీ తిరగేసి కుట్టి, ఒక చివర తెరిచి ఉంచి బయటికి తిప్పండి. సంచీ అయింది. రెక్కలకి ప్రెస్ బటన్ పెట్టండి.

లోపల పెట్టే తువ్వాలుని ఆ సంచీకి కలిపి కుట్టొద్దు. నేను మొదట అదే తప్పు చేశాను. నాలుగు పొరలు కలిపి బిగించి కుడితే బయట ఆరినట్టే ఉంటుంది, మధ్యలో చెమ్మ అలాగే ఉంటుంది. రెండోరోజు వాసన మొదలవుతుంది. అందుకని తువ్వాలుని 20 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, మూడు మడతలు పెట్టి సంచీలో దూర్చండి. ఉతికేటప్పుడు బయటికి లాగి విప్పితే ఒంటి పొర. ఎండలో ఇట్టే ఆరుతుంది. తాడు మీద చూసినవాళ్లకి అది మామూలు చేతి తువ్వాలే.

ఇలాంటివి ఎనిమిది నుంచి పది ఉంటే సరిపోతాయి. ఎండ సరిగ్గా కాయని కాలంలో పన్నెండు.

ఉతకడంలో ఒక్కటి గుర్తుంచుకోండి: ముందు చన్నీళ్లు. వేడి నీళ్లు తగిలితే రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి దారాల్లో పట్టేస్తుంది, గుడ్డు తెల్లసొన ఉడికినట్టు. ఇక ఆ మరక ఓ పట్టాన పోదు. చన్నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, సబ్బుతో రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. ఫాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. అది దారాల మీద పూతలా పట్టి బట్టకి పీల్చే గుణం పోగొడుతుంది. ఆరేయడం ఎండలోనే, అదీ పూర్తిగా ఆరేదాకా. మంచం కింద, తలుపు వెనక, ఇంకో బట్ట కింద దాచి ఆరేస్తే చెమ్మకి ఫంగస్ పడుతుంది. బట్ట వాడితే ఇన్ఫెక్షన్లు వస్తాయనే మాటలో సగం నిజం ఈ దాచిపెట్టడంలోనే ఉంది. ఎండలో వేయలేకపోతే ఇస్త్రీ పెట్టి ఆరబెట్టండి.

అయిదో మెట్టు: కప్పు కొంటే మొదటి మూడు నెలలు

కప్పు వాడకం చెప్పేవాళ్లందరూ "చాలా ఈజీ" అంటారు. మొదటి నెల ఈజీ కాదు. నాకు మొదటి నెల లీకైంది, రెండో నెల తీయడం రాక టెన్షన్ పడ్డాను, మూడో నెల పెట్టుకున్న సంగతే మర్చిపోయాను. ఇది ముందే తెలిస్తే కొన్న వస్తువు అల్మారాలో పడిపోదు.

నెలసరి లేని రోజుల్లో ప్రయత్నించొద్దు, పొడిగా ఉండి నొప్పెడుతుంది. కప్పుని కొన్న వెంటనే, తర్వాత ప్రతి నెలసరికి ముందూ నీళ్లలో అయిదు నిమిషాలు మరగనివ్వండి. గిన్నె అడుగు తగిలితే పాడైపోవచ్చు కాబట్టి నీళ్లు నిండుగా పోయండి. చేతులు కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, గొంతుకూర్చుని, కప్పుని మడిచి లోపలికి, నడుము వైపు వాలుగా నెట్టాలి. నేరుగా పైకి కాదు. లోపల విచ్చుకుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. మడత తగిలితే కొంచెం తిప్పండి. లీకులు చాలావరకు ఈ విచ్చుకోకపోవడం వల్లే.

తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగొద్దు. అడుగు భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే లోపలి గాలి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా వస్తుంది. ఎంతకీ రాకపోతే పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. అది లోపలెక్కడో తప్పిపోదు, పోవడానికి దారి లేదు. 12 గంటలు దాటి ఉంచకండి. గర్భం రాకుండా గర్భాశయంలో ఐయూడీ వేయించుకున్నవాళ్లు, ఈమధ్యే కాన్పు అయినవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.

కప్పు కొత్త వింతేమీ కాదు. అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి 1930లలోనే దీనికి పేటెంట్ తీసుకుంది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష, లీకుల విషయంలో ఇది ప్యాడ్లు, టాంపాన్లకి తీసిపోదని తేల్చింది. నేర్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుందని కూడా చెప్పింది.

ఆరో మెట్టు: ఏమీ లేని రోజు

చేతిలో ఏమీ లేనప్పుడు శుభ్రమైన కాటన్ బట్ట మడత, లేదా ఉతికిన సాక్సు చుట్టూ టిష్యూ చుట్టి లోదుస్తుల లోపల పెట్టుకోండి. రెండు మూడు గంటలకోసారి మార్చండి. దూది, టిష్యూ, మట్టి తగిలిన బట్ట ఏదీ లోపలికి పెట్టొద్దు, ముక్కలు అక్కడే ఉండిపోతాయి.

ఇలాంటి రోజు మళ్లీ రాకుండా, డబ్బున్న నెలలో ఒక ప్యాకెట్ అదనంగా కొని "లేనట్టే" పక్కన పెట్టండి. తీస్తే వచ్చే నెల మళ్లీ అక్కడ పెట్టాలి.

ఏడో మెట్టు: హక్కుగా అడగండి

కొన్నిచోట్ల ఇవి ఉచితం. స్కాట్లాండ్ పార్లమెంటు 2020 నవంబరులో చట్టం చేసింది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ అవసరమైన ఎవరికైనా ఉచితంగా అందేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యత. న్యూజిలాండ్ 2021 నుంచి బడుల్లో ఉచితంగా ఇస్తోంది. మీరున్న చోట ఆరోగ్య కేంద్రంలో, బడిలో, కాలేజీలో, లైబ్రరీలో ఒకసారి అడగండి. పథకం ఉండి కూడా అడిగేవాళ్లు లేక సరుకు గదిలో మూలుగుతుండటం జరుగుతుంటుంది.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. కెన్యా 2004లోనే ప్యాడ్ల మీద పన్ను ఎత్తేసింది. ఇండియా 2018 జులైలో, ఆస్ట్రేలియా 2019 జనవరిలో, బ్రిటన్ 2021 జనవరిలో తీసేశాయి. పన్ను పోతే ధర అంతమేరా తగ్గాలి కదా? అన్నిసార్లూ తగ్గదు. ప్యాడ్‌ని పన్ను నుంచి మినహాయిస్తే, తయారీదారు ముడిసరుకు మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకునే వీలు పోతుంది. ఆ భారం ధరలోనే ఉండిపోతుంది. అదే సున్నా శాతం పన్ను కింద పెడితే వెనక్కి వస్తుంది. టాంజానియా 2018లో పన్ను తీసేసి, షాపుల్లో ధరలు తగ్గలేదంటూ 2019లో మళ్లీ వేసింది. కాబట్టి ప్రజాప్రతినిధికి వినతిపత్రం రాసేటప్పుడు "పన్ను తీసేయండి" అని ఊరుకోకుండా "సున్నా రేటులో పెట్టండి, ధర తగ్గిందో లేదో చూడండి" అని రాయండి.

ఎనిమిదో మెట్టు: నలుగురి కోసం ఒక డబ్బా

నేను చదివిన ఒక చోట అత్యవసరానికి ప్యాడ్లు ఉండేవి. బీరువాలో. తాళం ఒక ఉద్యోగి దగ్గర, ఆయన పక్కనే రిజిస్టరు. పేరు, క్లాసు, సంతకం. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా తీసుకోలేదు. ఏడాది చివర్లో "వాడకం లేదు" అని రాసి బడ్జెట్ తగ్గించారని విన్నాను.

కాబట్టి డబ్బా టాయిలెట్ లోపలే ఉండాలి, వీలైతే గడియ వేసుకున్నాక చేయి అందే చోట. తాళం వద్దు, రిజిస్టరు వద్దు. ఎన్ని పెట్టాలో ఇలా లెక్కేయండి. 28 రోజుల్లో 5 రోజులు కాబట్టి, వందమంది అమ్మాయిలున్న చోట ఏ రోజు చూసినా సుమారు 18 మందికి నెలసరి ఉంటుంది. అందరూ డబ్బా మీద ఆధారపడరు, కొందరికే అక్కరొస్తుంది. 20తో మొదలుపెట్టి, ప్రతి శుక్రవారం ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఎవరు తీశారో వద్దు, ఎన్ని పోయాయో చాలు. నెల తిరిగేసరికి మీ చోటికి తగ్గ అంకె తెలిసిపోతుంది.

"ఒకరే గుప్పెడు తీసుకుపోతే?" అని కచ్చితంగా ఎవరో అడుగుతారు. తీసుకుపోతారు. ఆ పిల్లకి ఇంట్లో లేవని దాని అర్థం. ఒక డబ్బా చాలడం లేదని లెక్కలో రాసుకోండి.

డబ్బాతో పాటు సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట, పాత కాగితాలు ఉండాలి. వాడిన ప్యాడ్ కమోడ్‌లో వేయకూడదు. లోపలి జెల్ నీళ్లు పీల్చి ఉబ్బి పైపుకి అడ్డం పడుతుంది. బుట్ట ఖాళీ చేసే మనిషికి గ్లవ్స్ ఇవ్వండి, ఆమెకు కూడా ఈ డబ్బా వర్తిస్తుందని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే ఆమె ముట్టుకోదు. నింపే బాధ్యత ఇద్దరికి అప్పగించండి, ఒకరు సెలవు పెడితే డబ్బా ఖాళీ కాకుండా.

మొదటి రెండు వారాలు ఒక్కటి కూడా కదలకపోవచ్చు. అప్పుడే తీసేయొద్దు. సీలు విప్పని ప్యాకెట్‌ని మొదట చింపడానికి ఎవరికీ చేతులు రావు. మీరే ఒక ప్యాకెట్ చింపి, అందులోంచి రెండు తీసేసి, మిగతావి కొంచెం చెదిరినట్టు పెట్టి రండి.